లేజర్ కటింగ్ మిషన్ మీద పనిచేసేవారు పాటించాల్సిన జాగ్రత్తలు

హైదరాబాదులో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో ఇనుప షీట్లను కోసే పెద్ద ఫైబర్ లేజర్ మిషన్లైనా (సన్నని గాజుపోగులో కిరణం పుట్టేవి), చిన్న పట్టణంలో బస్టాండు వెనక ఒకే షటరున్న గదిలో నేమ్ బోర్డులు, జ్ఞాపికలు, పెళ్ళి శుభలేఖలు కోసే సీవోటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువుతో కిరణం పుట్టించే) మిషనైనా చేసే పని ఒకటే. కంటికి కనబడని కిరణాన్ని ఒక చిన్న చుక్క మీద కేంద్రీకరించి, అక్కడున్న పదార్థాన్ని కరిగించడమో ఆవిరి చేయడమో వాటి పని. మిషన్ కొన్న రోజున డిజైన్ ఎలా పంపాలో, పవర్, స్పీడ్ ఎంత పెట్టాలో అరగంటలో నేర్పించి వెళ్ళే టెక్నీషియన్లు చాలామంది ఉన్నారు గాని, ఏది కోయకూడదో, మూత ఎందుకు తీయకూడదో కూర్చోబెట్టి చెప్పేవారు తక్కువ. ఆ లోటును కొంతవరకైనా తీర్చాలని ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

ముందుగా మూత సంగతి చూద్దాం. ఐఈసీ 60825-1 అనే అంతర్జాతీయ ప్రమాణం లేజర్లను వాటి వల్ల కలిగే ప్రమాదాన్ని బట్టి 1 నుంచి 4 వరకు తరగతులుగా విభజిస్తుంది. నిరంతరంగా వెలువడే కిరణం 500 మిల్లీవాట్లు మించితే అది 4వ తరగతిలో, అంటే నేరుగా తగిలినా, ప్రతిఫలించి తగిలినా కంటినీ చర్మాన్నీ కాల్చగల, మంట పెట్టగల తరగతిలో చేరుతుంది. నేమ్ బోర్డులు చేసే షాపుల్లో సాధారణంగా కనిపించే, కిరణాన్ని పుట్టించే 60 వాట్ల గాజు ట్యూబు ఆ హద్దుకు 120 రెట్లు. అయినా అదే ట్యూబును అన్నివైపులా మూసిన పెట్టెలో బిగించి, మూత ఎత్తగానే కిరణం ఆగిపోయే ఏర్పాటు సరిగా చేస్తే, పక్కన నిలబడిన మనిషికి సంబంధించినంత వరకు ఆ మిషన్ 1వ తరగతి స్థాయికి రాగలదు. మిమ్మల్ని కాపాడుతున్నది మీ అనుభవమో చాకచక్యమో కాదు, ఆ పెట్టె. ఈ పనిలో జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఆ పెట్టెకు మనం మన చేతులతోనే కన్నం పెట్టుకోవడం వల్ల వస్తాయని నా అభిప్రాయం.

ఆ కన్నం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూపిస్తాను. సీవోటూ మిషన్ మూత అంచున వేలెడంత అయస్కాంతం, దానికి ఎదురుగా బాడీ మీద అంతే పరిమాణంలో ఒక తెల్లటి స్విచ్చి ఉంటాయి. మూత మూసినప్పుడు అయస్కాంతం దగ్గరికొచ్చి స్విచ్చి కలుస్తుంది, మూత తీస్తే విడిపోతుంది. ఒక షాపులో ఆ స్విచ్చికి బొమ్మలోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని బ్రౌన్ టేపుతో అంటించి ఉండగా చూశాను. ఎందుకని అడిగితే, ముక్క సరిగా తెగుతోందో లేదో మూత తీసి చూస్తుంటే మాటిమాటికీ ఆగిపోతోందని సమాధానం. ఆ టేపు పాతబడి అంచులు మసిబారి ఉంది, అంటే నెలల తరబడి ఆ మిషన్ మూత ఉన్నా లేనట్టే నడిచింది. కాబట్టి ప్రతిరోజూ మొదటి పనికి ముందు ఒక పరీక్ష చేయండి. పనికిరాని చెక్కముక్కను షీటు పరిచే బెడ్ మీద పెట్టి, తక్కువ పవరుతో గీత గీయిస్తూ, మూతను వేలెడు మందం మాత్రమే ఎత్తండి. కిరణం ఆ క్షణంలోనే ఆగిపోవాలి. ఆగకపోతే ఆ రోజు మిషన్ నడపకూడదు, స్విచ్చి మార్చాకే పని. ఎర్రటి ఎమర్జెన్సీ బటన్‌ను కూడా వారానికి ఒకసారైనా నొక్కి చూడాలి, దానికి అడ్డంగా షీట్లూ డబ్బాలూ పేర్చకూడదు.

బెడ్ మీద కనిపించే ఎర్రచుక్కను చూసి అదే లేజరు అనుకునే కొత్తవారు ఉంటారు. అది కేవలం చోటు చూపించే దీపం. కోసే కిరణం కంటికి కనబడదు. మన కన్ను సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యం ఉన్న కాంతినే చూడగలదు, సీవోటూ కిరణం 10,600 నానోమీటర్ల దగ్గర, ఫైబర్ కిరణం 1,064 నుంచి 1,080 నానోమీటర్ల మధ్య ఉంటాయి. ఈ రెండు అంకెల మధ్య తేడా ఆపరేటరుకు ప్రాణసమానమైన విషయం. సీవోటూ కిరణాన్ని మామూలు గాజు, గాజులా కనిపించే యాక్రిలిక్ ప్లాస్టిక్ కూడా పీల్చుకుంటాయి గనుక ఆ మిషన్ మూతకు యాక్రిలిక్ కిటికీ సరిపోతుంది. కంటికి తగిలితే పైన ఉన్న కార్నియాను కాలుస్తుంది, నొప్పి వెంటనే తెలుస్తుంది. ఫైబర్ కిరణం అలా కాదు. అది గాజులోంచి వెళ్ళినట్టే కార్నియాలోంచి, కంటి కటకంలోంచి దూసుకుపోయి వెనకనున్న రెటీనా మీద కేంద్రీకృతమవుతుంది. కంటి కటకం ఆ కాంతి తీవ్రతను లక్ష రెట్ల వరకు పెంచగలదు. రెటీనాకు నొప్పి తెలియదు, కిరణం కనబడదు గనుక రెప్ప కూడా పడదు. చూపు మధ్యలో చుక్కంత చీకటి మిగిలాకే మనిషికి తెలుస్తుంది, ఆ చీకటిని పోగొట్టే నమ్మకమైన వైద్యం లేదు.

అందువల్ల ఫైబర్ మిషన్ కిటికీ అద్దం పగిలితే దాని స్థానంలో పక్క షాపులోంచి యాక్రిలిక్ ముక్క కోయించి బిగించడం నేరంతో సమానమైన నిర్లక్ష్యం. ఆ అద్దం ఖరీదు ఎక్కువే, రావడానికి రోజులు పడుతుంది, అయినా అంతవరకు మిషన్ ఆగాల్సిందే. కళ్ళజోళ్ళ విషయంలోనూ అంతే. రంగు చూసి కొనకూడదు. ఫ్రేము మీదనో అద్దం మీదనో రెండు విషయాలు ముద్రించి ఉండాలి: ఏ నానోమీటర్ల కిరణాన్ని ఆపుతుంది, ఎంత మేరకు ఆపుతుంది. రెండో దాన్ని ఓడీ అంటారు. ఓడీ 6 అంటే పది లక్షల వంతుల్లో ఒక్క వంతే లోపలికి వస్తుందని అర్థం. సీవోటూ కోసం కొన్న జోడు ఫైబర్ మిషన్ దగ్గర ఎందుకూ పనికిరాదు. పైగా జోడు పెట్టుకున్నామన్న ధైర్యంతో మూత తీయడం మరింత ప్రమాదం, ఎందుకంటే ఏ కళ్ళజోడూ కిరణంలోకి తేరిపార చూడటానికి చేసింది కాదు. చుట్టూ పెట్టె లేకుండా తెరిచిన బెడ్‌తో అమ్మే చవక ఫైబర్ మిషన్లు కొన్ని షెడ్లలో కనిపిస్తున్నాయి. వాటి చుట్టూ కనీసం ఆ కిరణాన్ని ఆపే తెరలు కట్టించి, కోత జరుగుతుండగా ఎవరూ లోపలికి రాకుండా చూడాలి. రాగి, ఇత్తడి, అల్యూమినియం వంటివి కిరణాన్ని అద్దంలా వెనక్కి కొడతాయి గనుక ఆ పని ఉన్న రోజున ఇది మరీ ముఖ్యం.

ఏది కోయాలి, ఏది కోయకూడదు

చిన్న షాపుల్లో అసలు ప్రమాదం కిరణం కంటే కస్టమరు చంకలో పెట్టుకొచ్చే షీటుతో వస్తుంది. ఎన్నికల రోజుల్లో, పెళ్ళిళ్ళ ముహూర్తాల రోజుల్లో రాత్రింబవళ్ళు పని ఉంటుంది, ఎవరో ఒకరు ఏదో షీటు తెచ్చి, ఇది కూడా కోసిపెట్టమంటారు. దాని పేరు వారికి తెలియదు. అలాంటప్పుడు చెప్పాల్సిన మాట ఒక్కటే: పేరు తెలియని షీటు బెడ్ మీదికి ఎక్కదు.

అన్నిటికంటే ముందు దూరంగా పెట్టాల్సింది పీవీసీ. సన్‌బోర్డ్ పేరుతో అమ్మే ఫోమ్ షీట్లు, వినైల్ స్టిక్కర్లు, ఫ్లెక్స్, రెగ్జిన్‌లో చాలా రకాలు పీవీసీతోనే తయారవుతాయి. లేజరు తగలగానే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. గాలిలోని తేమతో, మన ముక్కులోని, గొంతులోని తడితో కలిస్తే అది బాత్రూములు కడిగే యాసిడ్ అవుతుంది. కళ్ళు మండటం, దగ్గు పట్టుకోవడం వెంటనే కనిపించే లక్షణాలు, ఊపిరితిత్తుల వాపు కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. మనుషుల సంగతి పట్టించుకోని యజమానులకు ఇంకో మాట చెప్పాలి. ఆ యాసిడ్ ఆవిరి రైళ్ళను, అంటే కోసే హెడ్ జరిగే పట్టాలను, తుప్పు పట్టిస్తుంది, బేరింగులను పట్టేస్తుంది, ఎలక్ట్రానిక్ బోర్డుల మీది రాగిని తినేస్తుంది. ఒక్క ఆర్డరు కోసం కోసిన సన్‌బోర్డ్ వల్ల కొద్ది వారాల్లోనే రైళ్ళు గోధుమరంగుకు తిరిగిన మిషన్‌ను నేను చూశాను.

అనుమానం ఉన్న ప్లాస్టిక్కును తేల్చుకోవడానికి పాత రాగి తీగ పరీక్ష ఉంది. ఆరుబయట, మిషన్‌కు దూరంగా, గాలికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి చేయాలి. పైపూత తీసిన రాగి తీగను ప్లేయరుతో పట్టుకుని, గ్యాస్ లైటరు మంటలో ఎర్రబడేదాకా కాల్చాలి. మొదట్లో మంటకు ఏదైనా రంగు వస్తే అది పోయేదాకా కాల్చి, వేడిగా ఉండగానే తీగ కొసను ఆ షీటుకు అద్ది, కొంచెం ప్లాస్టిక్ అంటుకున్నాక మళ్ళీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉందని అర్థం, ఆ షీటును తిప్పి పంపేయాలి. మంట రంగు మారకపోతే క్లోరిన్ లేదని మాత్రమే తెలుస్తుంది, కోయడానికి పనికొస్తుందని కాదు. ఏబీఎస్ పొగలో హైడ్రోజన్ సైనైడ్ ఉంటుంది, పాలీకార్బనేట్ సరిగా తెగకుండా పసుపుబారి మంటలు లేస్తుంది, టెఫ్లాన్ నుంచి ఫ్లోరిన్ సమ్మేళనాలు వస్తాయి. క్రోమియంతో పదును చేసిన తోలు కాలితే విషపూరితమైన క్రోమియం రూపం వెలువడే ప్రమాదం ఉంది గనుక, చెట్ల బెరడుతో పదును చేసిన తోలునే తీసుకోవడం మంచిది.

కోయదగినవాటి పొగ కూడా మంచిదేమీ కాదు. చెక్కపొట్టును నొక్కి బోర్డులా చేసే ఎండీఎఫ్‌ను అంటించే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌నూ, చెక్కపొడినీ రెండింటినీ మనుషుల్లో క్యాన్సరు కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. యాక్రిలిక్ తియ్యని ఘాటు వాసనకు కొన్నాళ్ళకు ముక్కు అలవాటు పడిపోతుంది, ఆ అలవాటును చూసి పొగ తగ్గిందని అనుకోకూడదు. గాల్వనైజ్డ్ షీటు కోసినవారికి జింక్ పొగ వల్ల సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చి మర్నాటికి తగ్గిపోతాయి. దాన్ని వైరల్ జ్వరమనుకుని మాత్ర వేసుకుని మళ్ళీ అదే పొగలో నిలబడేవారున్నారు. సెలవు తర్వాత పనిలో చేరిన సాయంత్రమే జ్వరం వస్తుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో క్రోమియం, నికెల్ ఉంటాయి, వాటి ప్రభావం ఒక సాయంత్రంతో పోదు.

పొగ గది దాటాలి

ఎగ్జాస్టు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడితే సరిపోదు, అది పొగను లాగుతోందా అన్నది చూడాలి. చాలా షాపుల్లో పొద్దున్నే మిషన్‌కు అగరుబత్తి వెలిగించే అలవాటు ఉంది. లేజరు ఆపి, బెడ్ శుభ్రంగా ఉన్నప్పుడు, ఎగ్జాస్టు మాత్రం నడిపి, అదే అగరుబత్తిని మూత అంచు సందు దగ్గర పట్టుకోండి. పొగ నిటారుగా లేచినా, మీ వైపు వాలినా పైపులో మసి పేరుకుందని, లేదా ఎక్కడో మడత పడిందని తెలుసుకోవాలి. పొగ సన్నని గీతలా లోపలికి జారిపోతే ఎగ్జాస్టు బాగున్నట్టు. గదిలోకి గాలి వచ్చే దారి లేకపోతే ఎంత పెద్ద ఫ్యానైనా లాగలేదు, అందుకని ఏసీ కోసం అన్నీ బిగించిన గదుల్లో కింద ఒక గాలి సందు ఉంచాలి. పైపు కొస షటరు ముందో, పక్కింటి వంటగది కిటికీ దగ్గరో కాక పైకప్పు దాటి ఉండాలి. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఈ వాయువులను ఆపవు. ఎన్95 సన్నని పొడిని ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు.

ఆయుధపూజ గురించి ఒక మాట. మిషన్‌కు బొట్టు పెట్టడం, దండ వేయడం మన పద్ధతి, దాన్ని కాదనడం లేదు. కుంకుమ, పసుపు, విభూతి పొడి అద్దాల మీద, లెన్సు మీద పడితే మర్నాడు కిరణం ఆ పొడి దగ్గరే వేడెక్కి లెన్సు పగులుతుంది. అందుకే బొట్టు బాడీ బయట మాత్రమే పెట్టాలి. కర్పూర హారతి తప్పనిసరైతే బెడ్ కింది తుక్కు తీసేశాక, మూత మూసి, దూరంనుంచి ఇవ్వాలి.

మంట

సీవోటూ మిషన్ ఉన్న షాపులో ఎప్పుడో ఒకప్పుడు మంట లేవడం దాదాపు ఖాయం, అది చిన్న నాలుకలా ఉండగానే చూశామా లేదా అన్నదే తేడా. యాక్రిలిక్ ఒకసారి అంటుకుంటే లేజరు ఆగిపోయినా కాలుతూనే ఉంటుంది, కరిగి చుక్కలుగా కింది ట్రేలోకి జారుతుంది, ట్రేలో నిన్నటి ముక్కలు, ఎండీఎఫ్ పొట్టు ఉంటే అవి అందుకుంటాయి. నాజిల్ దగ్గర గాలి పంపు ఆగిపోవడం, రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కోయడం, ఎండీఎఫ్ మీద నెమ్మదిగా ఎక్కువ పవరు పెట్టడం, డిజైన్‌లో ఒకే గీత రెండుసార్లు ఉండటం, ఇవన్నీ మంటకు దారితీస్తాయి. చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్ అయిన కోరల్‌డ్రాలో ఒకే గీత మీద ఇంకో గీత ఉంటే కంటికి ఒకటిగానే కనిపిస్తుంది, మిషన్ మాత్రం కాలిన చోటనే మళ్ళీ కాలుస్తుంది. పంపేముందు గీతలు మాత్రమే చూపించే వైర్‌ఫ్రేమ్‌లో చూసి, పై గీతను జరిపి పరీక్షించాలి.

కోత నడుస్తున్నంతసేపూ ఆపరేటరు మిషన్‌ను చూడగలిగే దూరంలో ఉండాలి. టీకి వెళ్ళాలంటే పాజ్ నొక్కి వెళ్ళాలి. ఫోను మాట్లాడుతూ వీధిలోకి నడిచిన ఐదు నిమిషాలు చాలు. ఈ నియమానికి మినహాయింపు ఇవ్వాల్సిన సందర్భం నాకింతవరకు కనబడలేదు.

షాపులో కనీసం 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ మంటలార్పే సిలిండరు, ఐఎస్ 15683 ఐఎస్ఐ గుర్తు ఉన్నది, మిషన్ పక్కన కాక తలుపు దారిలో వేలాడదీయాలి. మంట మిషన్ వైపు ఉంటే దాన్ని దాటి సిలిండరు తీసుకోవాల్సిన అవసరం రాకూడదు. పౌడరు సిలిండరు కూడా మంటను ఆర్పుతుంది గాని ఆ పొడి లెన్సులను, రైళ్ళను పాడుచేస్తుంది. అయినా చేతికందేది అదొక్కటే అయితే మిషన్ గురించి ఆలోచించకుండా వాడాలి. చిన్న మంట లేస్తే ముందు ఎమర్జెన్సీ బటన్ నొక్కి, గాలి పంపు ఆపాలి. మూతను పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది కాబట్టి సందు మాత్రమే తెరిచి, పిన్ను లాగి, మంట మొదలు మీదికి కొట్టాలి. సిలిండరు కొమ్ము మంచుకంటే చల్లబడుతుంది, దాన్ని చేత్తో పట్టుకోకుండా పిడినే పట్టుకోవాలి. చిన్న గదిలో ఆ వాయువు ప్రాణవాయువును నెట్టేస్తుంది, ఆరగానే బయటికి వచ్చేయాలి. ఒక్క సిలిండరుతో ఆరకపోతే మెయిన్ ఆపి, బయటికొచ్చి, 101కి ఫోను చేయాలి.

ట్యూబు, నీళ్ళు, ఎర్త్

గాజు ట్యూబుకు వెళ్ళే ఎర్రతీగలో వేల వోల్టులు, తరచుగా 20,000 దాటి ఉంటాయి. స్విచ్చి ఆపినా పవర్ సప్లైలో కొంతసేపు ఆ ఛార్జి మిగిలే ఉంటుంది. అందుకే వెనక పెట్టె విప్పడం ఆపరేటరు పని కాదు. విప్పకుండానే చేయగలిగిన ముఖ్యమైన పని ఒకటుంది, ఎర్త్ పరీక్ష. అద్దెకు తీసుకున్న షటర్లలో మూడో పిన్నుకు తీగే ఉండదు. మల్టీమీటరుతో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య సుమారు 230 వోల్టులు, న్యూట్రలుకూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు రావాలి. మొదటిది తక్కువగా తేలుతూ ఉంటే ఎర్త్ లేదన్నమాట. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి రాగి ఎర్త్ వేయించి, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. అయితే ట్యూబు వైపు హై వోల్టేజీ నుంచి ఆర్‌సీసీబీ కాపాడుతుందని నమ్ముకోకూడదు.

ట్యూబును చల్లబరిచే నీళ్ళ యంత్రమైన చిల్లరులో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్ళలోని లవణాల వల్ల కరెంటు నీటిలోకి పాకుతుంది, ట్యూబులో గార పడుతుంది. ట్యూబు వెలుగుతున్నప్పుడు చిల్లరు నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు. సీడబ్ల్యూ-3000 వంటి చిన్న చిల్లర్లలో కంప్రెసరు ఉండదు, అవి కారు రేడియేటరులాంటివి, గది వేడి కంటే నీటిని చల్లబరచలేవు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గదిలో 40 డిగ్రీలు దాటితే ఆ నీళ్ళూ 40 దాటతాయి, ట్యూబు పగులుతుంది, పగిలిన ట్యూబులోంచి నీళ్ళు హై వోల్టేజీ మీద పడతాయి. ఎండాకాలం పని తెల్లవారుజామున, రాత్రిపూట పెట్టుకోవడమో, కంప్రెసరు ఉన్న చిల్లరు కొనడమో చేయాలి. అలారం మోగుతోందని నీటి సెన్సరు తీగలు రెండూ కలిపి మెలేయడం మూత మీద అయస్కాంతం అంటించడానికి తోబుట్టువు.

అద్దాలు సరిచేసేటప్పుడు

సీవోటూ మిషన్‌లో మూత తెరిచి కిరణం వదలాల్సి వచ్చే పని అద్దాల అలైన్‌మెంట్ ఒక్కటే, ఆపరేటర్లు కిరణం తగిలి కాలేది కూడా ఎక్కువగా అప్పుడే. శిక్షణ లేనివారు దీన్ని చేయకూడదు. చేసేవారు 10,600 నానోమీటర్ల కళ్ళజోడు పెట్టుకుని, ఉంగరాలు, వాచీ, కడియం తీసి, గదిలో ఇంకెవరూ లేకుండా చూసుకుని, అద్దం ముందు మందపాటి కాగితపు టేపు అంటించి, తక్కువ పవరుతో ఒక్క పల్సు మాత్రమే వదలాలి. ఒకరు అద్దం స్క్రూలు తిప్పుతుండగా ఇంకొకరు బటన్ దగ్గర ఉండటం ఎన్నడూ మంచిది కాదు. స్క్రూ తిప్పేవారే వెనక్కి వచ్చి, చెయ్యి బయటే ఉందని చూసుకుని, తామే నొక్కాలి.

లెన్సు తుడిచేటప్పుడు జాగ్రత్త ఇంకో రకం. పసుపురంగులో ఉండే ఆ చిన్న బిళ్ళ జింక్ సెలినైడ్. పగిలితే దాని పొడి విషం. చీపురుతో ఊడ్చకూడదు, నోటితో ఊదకూడదు. గ్లవ్స్ వేసుకుని తడి టిష్యూతో అద్ది తీసి, సీసాలో వేసి మూత బిగించి, లెన్సు అమ్మినవారికి తిరిగి ఇవ్వాలి, చెత్తబుట్టలో వేయకూడదు.

సిలిండర్లున్న షెడ్లలో

ఫైబర్ మిషన్‌తో స్టీలు కోయడానికి నైట్రోజన్, ఇనుము కోయడానికి ఆక్సిజన్ వాడతారు. నైట్రోజన్ విషం కాదు, మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. దాని ప్రమాదమంతా ఆక్సిజన్ చోటును ఆక్రమించడంలో ఉంది. లెక్క వేసి చూడండి. మామూలు సిలిండరులో సుమారు 7 ఘనమీటర్ల నైట్రోజన్ ఉంటుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మూసిన గది 28 ఘనమీటర్లు. ఒక్క సిలిండరు రాత్రంతా లీకైతే గదిలో ఆక్సిజన్ 20.9 శాతం నుంచి సుమారు 16కు పడిపోతుంది. 19.5 కన్నా తగ్గితేనే కొరత కింద లెక్క. 16 దగ్గర ఆలోచన మందగిస్తుంది, 10 కన్నా తగ్గితే మనిషి హెచ్చరిక లేకుండా కుప్పకూలిపోతాడు. వాసన రాదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. ద్రవ నైట్రోజన్ వాడేచోట ఇంకా జాగ్రత్త అవసరం, ఒక లీటరు ద్రవం సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. అందుకే సిలిండర్లు షెడ్డు బయట, గాలి ఆడేచోట, గొలుసుతో కట్టి నిలబెట్టి ఉండాలి. లోపలే పెట్టక తప్పకపోతే ఆక్సిజన్ మీటరు గోడకు బిగించాలి.

పాడుబడిన బావిలో దిగేముందు లాంతరు దించి చూసేవారని మన పల్లెల్లో పెద్దలు చెబుతారు. దిగినవాడు పైకి రాకపోతే వెంటనే ఇంకొకడు దిగి వాడూ పోయిన కథలూ చెబుతారు. నైట్రోజన్ గదీ అంతే. లోపల ఎవరైనా పడిపోయి కనిపిస్తే పరుగెత్తి లోపలికి వెళ్ళకూడదు. తలుపులన్నీ బార్లా తెరిచి, బయటినుంచి వాల్వు మూసి, ఫ్యాను పెట్టి, 108కి ఫోను చేయాలి.

ఆక్సిజన్ దీనికి వ్యతిరేక స్వభావం గలది. రెగ్యులేటరుకు నూనె, గ్రీజు తగలకూడదు, తలకు కొబ్బరినూనె రాసుకున్న చేతులతో వాల్వు తిప్పకూడదు. ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్‌లో నూనె దానంతటదే అంటుకోగలదు. ఎండలకు తాళలేక ఆక్సిజన్ పైపుతో చొక్కాలోకి గాలి కొట్టుకునే అలవాటు కొందరికి ఉంది. నూలుబట్ట ఆక్సిజన్‌ను పీల్చుకుని, ఆ తర్వాత చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. ఇది సరదా కాదు.

అల్యూమినియం కోసినప్పుడు వచ్చే సన్నపొడిని ఇనుపపొడితో కలిపి ఒకే డస్ట్ కలెక్టరులో పోగుచేయకూడదు. అల్యూమినియం పొడి గాలిలో లేస్తే పేలగలదు, మండుతుంటే నీళ్ళు పోస్తే మరింత రాజుకుంటుంది. దాని మీద పొడి ఇసుక మాత్రమే వేయాలి.

షీట్లను మోయడం గురించి ఎవరూ రాయరు గాని వేళ్ళు తెగేది, నడుము పట్టేది అక్కడే. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న ఒక్క ఎమ్మెస్ (మైల్డ్ స్టీలు, అంటే మామూలు ఇనుప) షీటు దాదాపు 70 కిలోలు తూగుతుంది. ఇద్దరు పట్టుకోవాలి, తెగని రకం గ్లవ్స్ వేసుకోవాలి, స్టీలు ముక్కు ఉన్న బూట్లు వేసుకోవాలి. బెడ్ మీద నిక్కి నిలబడిన ముక్కకు హెడ్ తగులుతుంది, దాన్ని చేత్తో నొక్కడానికి తొందరపడకుండా మిషన్ ఆపాలి. నైట్రోజన్ కోత రొదలో చేయి చాపినంత దూరంలో ఉన్నవారితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే చెవులకు ప్లగ్గులు కావాలి.

ప్రమాదం జరిగితే

కాలిన చోట 20 నిమిషాల పాటు పారే మామూలు నీళ్ళు పోయాలి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, ఇడ్లీ పిండి ఏదీ రాయకూడదు, డాక్టరు వాటిని గీకి తీయాల్సి వస్తుంది. యాసిడ్ పొగ పీల్చినవారిని బయటికి తెచ్చి కూర్చోబెట్టాలి, దగ్గు తగ్గినా ఆ రోజు ఆసుపత్రిలో చూపించాలి.

ఫైబర్ మిషన్ దగ్గర ఏదో మెరుపు తగిలినట్టు అనిపిస్తే, ఇంట్లో పిల్లల గళ్ళ నోటుపుస్తకం తీసి, ఒక కన్ను మూసి, పేజీ మధ్యలో పెట్టిన చుక్కను చూడండి. తర్వాత రెండో కంటితో చూడండి. గళ్ళు ఎక్కడైనా వంకరపోయినా, మాయమైనా, మసకబారినా అదే రోజు రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రెండు కళ్ళతో కలిపి చూస్తే ఒక కంటి లోటును రెండోది కప్పేస్తుంది. హైదరాబాదు వారికి మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి. మిషన్ ఏ రకం, ఎన్ని వాట్లు, ఎన్ని నానోమీటర్లు అన్నది చీటీ మీద రాసి తీసుకెళ్తే డాక్టరు పని సులువవుతుంది. ఆ చీటీని ఇప్పుడే రాసి మిషన్‌కు అంటించి పెట్టుకోవడం ఇంకా మేలు.

చట్టం విషయానికొస్తే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పొగ, ధూళి తొలగించడాన్ని, కళ్ళకు రక్షణ ఇవ్వడాన్ని యజమాని బాధ్యతగా రాసింది. దాని స్థానంలో 2020 నాటి వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. రక్షణ సామగ్రికి డబ్బులు జీతంలోంచి కోయడం తగదు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న వారికి ఈఎస్ఐ ఉండాలి, పనిలో తగిలిన గాయానికి మొదటి రోజు నుంచే అది వర్తిస్తుంది. అందుకే ప్రమాదం ఎంత చిన్నదైనా రిజిస్టరులో తేదీ, సమయం, ఎలా జరిగిందో రాయించుకోండి.

రాత్రి షటరు దించేముందు

చివరి కోత అయ్యాక వెంటనే తాళం వేయకండి. ట్రేలోని ముక్కలు, పొట్టు తీసి మూతున్న ఇనుప డబ్బాలో వేసి, ఆ డబ్బాను షాపు లోపల కాక బయట గచ్చు మీద పెట్టాలి. ఎండీఎఫ్ అంచుల్లో నిప్పు బీడీ కొసలా లోలోపల గంటసేపు కూడా ఉండగలదు, ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేసిన ముక్కలు అర్ధరాత్రి అంటుకుంటాయి. ఎగ్జాస్టును పదిహేను నిమిషాలు నడవనిచ్చి, గ్యాస్ వాల్వులు సిలిండరు దగ్గరే మూసి, మెయిన్ దించి, దీపాలార్పి ఒక్క నిమిషం చీకట్లో నిలబడి బెడ్ వైపు చూడండి. ఎర్రచుక్క ఎక్కడైనా కనబడితే నీళ్ళలో ముంచిన గుడ్డతో దాన్ని అద్ది, మరో అరగంట ఆగాకే తాళం వేయండి.